నేనింకా ఎందుకున్నానే?

పక్షవాతం వచ్చిన ఐదో నెలలో ఒక మధ్యాహ్నం అమ్మ నన్ను ఈ మాట అడిగింది. అప్పటికి కుడి చెయ్యి, కుడి కాలు పూర్తిగా పడిపోయాయి. మాట కూడా దెబ్బతింది. ఒక్కో మాట వెతుక్కుని, కూడదీసుకుని బయటికి తేవడానికి చాలాసేపు పట్టేది. అందుకే అది విసుగులో నోరుజారిన మాట అనుకోవడానికి లేదు. అంత కష్టపడి అడిగిందంటే నిజంగా తెలుసుకోవాలనే అడిగింది.

"అలా అనకమ్మా, నువ్వు మాకు కావాలి" అన్నాను వెంటనే. ఇలాంటప్పుడు అందరం అనే మాటే. అమ్మ నా ముఖంలోకి కాసేపు చూసింది. ఎడమ చెయ్యి కొంచెం పైకెత్తి, వేళ్ళు విప్పి, "దేనికి?" అన్నట్టు తిప్పింది. తర్వాత గోడవైపు చూస్తూ ఉండిపోయింది.

నా దగ్గర జవాబు లేదు. ఆ సంగతి నన్ను చాలా రోజులు నిద్రపోనివ్వలేదు. ఎందుకంటే నేను చిన్నప్పటినుంచీ దేవుణ్ణి నమ్మినదాన్ని. జీవిత పరమార్థం ఏమిటో నాకు తెలుసనే అనుకున్నాను. దారి తోచక నాకంటే చిన్నవాళ్ళు అడిగితే గంటలు గంటలు చెప్పినదాన్ని కూడా. అలాంటిది మంచం మీదున్న సొంత అమ్మ అడిగితే నోట మాట రాలేదు. నాకు తెలుసనుకున్నది ఆ మంచం దగ్గర చెల్లలేదు.

అప్పటినుంచీ నాకొక కొలత దొరికింది. జీవితానికి అర్థం ఇదీ అని ఎవరు ఏం చెప్పినా, ఎంత పెద్దవాళ్ళు చెప్పినా, ఆ మాటను తీసుకెళ్ళి ఆ మంచం పక్కన నిలబెట్టి చూస్తాను. లేవలేని మనిషికి, సరిగ్గా మాట్లాడలేని మనిషికి, ఎవరికీ ఏమీ చేయలేని మనిషికి అది వర్తిస్తుందా? వర్తించకపోతే అది ఆరోగ్యానికో, వయసుకో, అదృష్టానికో చెప్పిన అర్థం అవుతుంది గాని జీవితానికి చెప్పిన అర్థం అవదు.

మన మాటల్లోనే ఈ చిక్కు ఉంది. జీవితానికి "ప్రయోజనం" ఏమిటి అని అడుగుతాం. ప్రయోజనమంటే ఉపయోగం కూడా. కొడుకు చదువుకుని ఉద్యోగంలో కుదురుకుంటే "ప్రయోజకుడయ్యాడు" అని సంబరపడతాం. కుదురుకోనివాడు "అప్రయోజకుడు". ఆ మాట తండ్రి నోటి నుంచి వస్తే ఎంత కోతగా ఉంటుందో పడ్డవాళ్ళకే తెలుసు. అంటే మనిషి బతుకుకి ఉన్న అర్థానికీ, మనిషి పనికొచ్చే తీరుకీ కలిపి మనం ఒకటే మాట వాడుతున్నాం. పుట్టిన దగ్గర్నుంచీ ఈ మాటల మధ్యే పెరుగుతాం కాబట్టి, పనికొచ్చినంతకాలమే బతుకుకి అర్థం అనే నమ్మకం ఎవరూ నేర్పకుండానే ఒంటబడుతుంది. అమ్మకూ అలాగే ఒంటబట్టింది. ముప్పై ఏళ్ళు పిల్లలకు పాఠాలు చెప్పిన మనిషి. జ్వరమొచ్చినా ఏదో ఒక పని ముందు పెట్టుకునేది. ఖాళీగా కూర్చుంటే ఎవరికో బాకీ పడ్డట్టు ఉంటుందనేది. ఆమె అడిగిన ప్రశ్నను పూర్తిగా చెబితే ఇలా ఉంటుంది: "నేనిప్పుడు దేనికీ పనికిరాను కదా, మరి ఎందుకున్నాను?"

"నువ్వు మాకు కావాలి" అన్న నా జవాబూ ఆ తానులో ముక్కే. కావాలంటే ఏదో అవసరం ఉండాలి. ఆ అవసరం ఏమిటో నేను చూపించలేకపోయాను. అమ్మ అది వెంటనే కనిపెట్టేసింది.

చదువు, ఉద్యోగం, పేరు, సంపాదన వల్ల జీవితానికి అర్థం రాదని చెప్పడానికి ఎక్కువ మాటలు అక్కర్లేదు. అవి ఉన్నవాళ్ళే ముందు ఒప్పుకుంటారు. "నీకు ఇష్టమైన పనేదో కనుక్కో, అదే నీ జీవిత లక్ష్యం" అనే మాట మీద కూడా ఆగను. ఇష్టమైన పని ఎంచుకునే వీలున్నవాళ్ళు లోకంలో ఎప్పుడూ కొద్దిమందే.

సేవ సంగతి అలా తేల్చలేను. సేవే పరమార్థం అని నేను మనస్ఫూర్తిగా నమ్మాను. అమ్మ దగ్గర ఉన్న రోజుల్లో ఆ నమ్మకం ఇంకా గట్టిపడింది కూడా. కదల్లేని మనిషిని రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి. లేకపోతే ఒకేచోట ఒత్తుకుని చర్మం దెబ్బతిని పుండ్లు పడతాయి. పగలూ రాత్రీ అదే పని. ఎంత అలిసిపోయినా, నేను చేయవలసిన పనిలోనే ఉన్నాననే నిబ్బరం ఉండేది. ఒకరోజు పక్క సర్దుతుంటే తట్టింది. ఈ గదిలో ఇద్దరం ఉన్నాం. సేవే జీవితానికి అర్థమైతే, చేసేదాన్ని నేను కాబట్టి నాకు అర్థం ఉంది. చేయించుకునేది అమ్మ కాబట్టి ఆమెకు లేదు. నా బతుకు అర్థవంతం కావడానికి అమ్మ బతుకు అర్థం లేకుండా పడి ఉండాలా? ఆ లెక్క ఎంత అన్యాయమో అప్పుడు తెలిసింది. సేవ గొప్పది. ఇప్పటికీ నేను దానికి తల వంచుతాను. కానీ మనిషి ఎందుకున్నాడనే ప్రశ్నకు చివరి జవాబు అది కాలేదు.

1945లో పారిస్‌లో ఇచ్చిన ఒక ప్రసంగంలో ఫ్రెంచి తత్వవేత్త జాన్ పాల్ సార్త్ర్ కాగితాలు కోసే కత్తిని ఉదాహరణగా తీసుకున్నాడు. కత్తిని చేసేవాడి మనసులో అది దేనికో ముందే ఉంటుంది. మనిషిని చేసినవాడంటూ ఎవరూ లేరు కాబట్టి మనిషికి అలా ముందే పెట్టిన ప్రయోజనం లేదు, మనిషి ముందు ఉంటాడు, తర్వాత తన్ను తానే మలుచుకుంటాడు అన్నాడు. ఆ నిజాయితీని నేను గౌరవిస్తాను. దేవుడు లేడనుకున్నాక ఇంకోలా చెప్పడం కష్టం. అయితే తన్ను తాను మలుచుకోవడానికి బలం కావాలి, ఎంచుకోవడానికి స్పష్టమైన బుద్ధి కావాలి, ముందు కొంత కాలం ఉండాలి. ఈ మూడూ చేజారిన మనిషి దగ్గర ఆ తత్వం మౌనంగా నిలబడిపోతుంది.

నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఇంకొకటి. విశ్వాసులమైన మేమూ ఇంచుమించు ఆ కత్తి ఉదాహరణే చెబుతాం. "గడియారం చేసినవాడికి అది దేనికో తెలుసు. అలాగే నిన్ను చేసినవాడికి నువ్వు దేనికో తెలుసు" అంటాం. ఆ పోలిక నేనే ఎన్నిసార్లు చెప్పి ఉంటానో. దేవుడు లేడన్న ఆయనా, ఉన్నాడన్న మేమూ ఒక విషయంలో ఏకమైపోయాం: దేవుడంటూ ఉంటే మనిషి ఒక పనిముట్టు. మరి పని ఆగిపోయిన గడియారం సంగతేమిటి? అమ్మ అడిగింది సరిగ్గా అదే. మాలాంటివాళ్ళు చెప్పిన పోలికను నిజమని నమ్మినందుకే ఆమెకు ఆ బాధ వచ్చింది.

వస్తువును పని కోసం చేస్తారు. బిడ్డను అలా కనరు. ముసలితనంలో చూసుకోవడానికో, ఆస్తి నిలబెట్టడానికో కనేవాళ్ళూ ఉంటారు. కానీ తనను అందుకోసమే కన్నారని తెలిసిన బిడ్డ మనసు ఎలా విరిగిపోతుందో చూడండి. ఎవరి అవసరానికో పుట్టించదగ్గ వస్తువులం కామని మనకు లోపలెక్కడో తెలుసు. ఆ తెలిసినదాన్ని దేవుడి దగ్గరికి వచ్చేసరికి ఎందుకు మర్చిపోతామో నాకు అర్థం కాదు.

మన పూర్వులు ఈ ప్రశ్నను ఎప్పుడో ఎదుర్కొన్నారు. బ్రహ్మసూత్రాల రెండో అధ్యాయంలో ఒక ఆక్షేపణ ఉంది. ఎవరైనా ఏదైనా ఒక ప్రయోజనం కోసమే చేస్తారు, ఏ కొరతా లేని పరమాత్మకు సృష్టి వల్ల వచ్చే ప్రయోజనం ఏముంటుంది, కాబట్టి ఆయన సృష్టించాడనడం కుదరదు అని. ఆ సూత్రంలో ఉన్న మాట కూడా "ప్రయోజనమే". ఆ వెంటనే వచ్చే సూత్రం దానికి జవాబు చెబుతుంది: ఇది లీల. ఏదో లోటు తీర్చుకోవడానికి చేసిన పని కాదు. తైత్తిరీయోపనిషత్తులోని భృగువల్లి, ప్రాణులన్నీ ఆనందంలోంచే పుడుతున్నాయని, ఆనందంతోనే బతుకుతున్నాయని, చివరికి ఆనందంలోకే చేరుతున్నాయని అంటుంది. ఎంతో దూరాన, వేరే మతంలో, 1647లో ఇంగ్లండులో క్రైస్తవ మతపెద్దల వెస్ట్‌మిన్‌స్టర్ సభ తయారుచేసిన చిన్న ప్రశ్నోత్తరాల పాఠం మనిషి ముఖ్య లక్ష్యం ఏమిటనే ప్రశ్నతోనే మొదలవుతుంది. దేవుణ్ణి మహిమపరచడం, ఆయనలో ఎప్పటికీ ఆనందించడం అని అక్కడ జవాబు. మతాలన్నీ ఒకటే చెబుతున్నాయని నేననను. వాటి మధ్య తేడాలు నిజమైనవి, పెద్దవి. వాటిని పైపైన చెరిపేస్తే ఎవరి విశ్వాసాన్నీ గౌరవించినట్టు కాదు. కానీ రెండుచోట్లా కనిపించిన "ఆనందం" అనే మాట దగ్గర నా చూపు ఆగిపోయింది. ఆ జవాబులో ఉద్యోగం లేదు, చేతుల బలం లేదు. పక్కమీంచి లేవలేని మనిషికీ అందులో చోటుంది.

అప్పుడు "నువ్వు మాకు కావాలి" అన్న నా మాటే నాకు మళ్ళీ గుర్తొచ్చింది. తెలుగులో "కావాలి" అంటే అవసరం ఉందనీ అర్థం, ఇష్టపడి కోరుకుంటున్నాననీ అర్థం. మనుషుల దగ్గర ఈ రెండూ ఎప్పుడూ కలిసిపోయి ఉంటాయి. ఎంత ప్రేమించినవాళ్ళ దగ్గరైనా ఎంత భాగం అవసరం, ఎంత భాగం ఇష్టం అని విడదీసి చూపలేం. దేవుడి విషయంలో విడిపోతాయి. ఏ అవసరమూ లేనివాడని నమ్మాక, ఆయన నన్ను ఉంచాడంటే మిగిలేది ఇష్టమొక్కటే. నాతో ఆయనకు తీరే పని ఏదీ లేదు. అయినా నేనుండాలని అనుకున్నాడు. నేను ఏదైనా చేయగలిగేదానికి ముందే అనుకున్నాడు కాబట్టి, నేనేమీ చేయలేని రోజు వచ్చినా ఆ అనుకోవడం చెదరదు. నాకు తెలిసినంతలో అమ్మ మంచం పక్కన నిలబడి తల దించుకోనక్కర్లేని జవాబు ఇదొక్కటే.

విక్టర్ ఫ్రాంక్ల్ దీనికి చాలా దగ్గరకు వచ్చాడు. వియన్నాకు చెందిన మానసిక వైద్యుడు. 1942 నుంచి 1945 దాకా నాజీల శిబిరాల్లో ఉన్నాడు. తల్లిని, తండ్రిని, అన్నను, భార్యను పోగొట్టుకున్నాడు. పని చేయలేని చోట, ప్రేమించినవాళ్ళు లేని చోట కూడా, తప్పించుకోలేని బాధ ముందు మనిషి ఎలా నిలబడతాడన్నదానిలో అర్థం మిగిలే ఉంటుందని చెప్పాడు. జీవితాన్ని మనం ప్రశ్నించడం మాని, జీవితమే మనల్ని ప్రశ్నిస్తోందని తెలుసుకోవాలన్నాడు. అంత నరకం చూసిన మనిషి చెప్పిన మాట కాబట్టి దాన్ని చాలా భయభక్తులతో చదివాను. చదివాక నాకు మిగిలిన సందేహం ఒకటే. ప్రశ్న ఉందంటే అడిగేవాడు ఉండాలి కదా? జీవితం అనేది ఎవరూ కాకపోతే అది నన్ను ఏం అడుగుతుంది? వినేవాడు ఎవరూ లేకపోతే నా జవాబు ఎవరికి చేరుతుంది? ఫ్రాంక్ల్ ఆ తలుపు తెరిచి ఉంచాడు గాని అందరినీ లోపలికి రమ్మని బలవంతపెట్టలేదు. నేను లోపలికి వెళ్ళాను.

ఇక్కడ నా తోటి విశ్వాసులతో కొంచెం గట్టిగా మాట్లాడాలి. "దేవుడు నీ జీవితం కోసం ఒక గొప్ప ప్లాన్ పెట్టాడు, అది కనిపెట్టు" అని మనం కుర్రవాళ్ళకు చెబుతున్నాం. చెప్పేవాళ్ళ ఉద్దేశం మంచిదే. కానీ విన్నవాళ్ళకు అది దాచిపెట్టిన ప్రశ్నపత్రంలా తయారవుతోంది. ఏ కోర్సు చదవాలి, ఏ ఉద్యోగంలో చేరాలి, ఎవరిని పెళ్ళి చేసుకోవాలి అన్నప్పుడల్లా, ఒక్క అడుగు తప్పితే దేవుడి ప్లాన్ మొత్తం చెడిపోతుందేమోనని టెన్షన్. నా ఇరవైల్లో నేను అలాగే బతికాను. నా ప్రార్థనలన్నీ ఒకటే అడిగేవి: "నన్ను దేనికి పుట్టించావో చెప్పు." జవాబు రాలేదు. రాకపోయేసరికి నా విశ్వాసంలోనే లోపముందని ఏడ్చేదాన్ని. ఇప్పుడు వెనక్కి చూస్తే, ఆ ప్రార్థనలో నాకు దేవుడు కావాల్సిన అవసరమే లేదు. ఆయన దగ్గరున్న ఒక కాగితం ఇచ్చేస్తే చాలు, తీసుకుని వెళ్ళిపోయేదాన్ని.

ఫ్లారెన్స్ నైటింగేల్ జీవితం చదివినప్పుడు ఈ విషయం నాకు బాగా తెలిసొచ్చింది. 1837 ఫిబ్రవరి 7న దేవుడు తనతో మాట్లాడి తన సేవకు పిలిచాడని ఆమె రాసుకుంది. అప్పటికి పదహారేళ్ళు. ఏం సేవో ఆ పిలుపులో లేదు. తర్వాత ఏళ్ళు గడిచిపోయాయి. నర్సు పని మర్యాదస్తుల ఆడపిల్లలు చేసేది కాదని ఇంట్లో ఒప్పుకోలేదు. 1851లో గాని జర్మనీలోని కైసర్స్‌వెర్త్‌లో శిక్షణకు వెళ్ళలేకపోయింది. 1854 నవంబరులో క్రిమియా యుద్ధ క్షతగాత్రులున్న స్కుటారి ఆసుపత్రికి చేరింది. పిలుపుకీ, లోకానికి ఆమె తెలిసిన ఆ పనికీ మధ్య పదిహేడేళ్ళు. ఆ యుద్ధ సేవలో ఉన్నది రెండేళ్ళ లోపే. తిరిగొచ్చాక ఆరోగ్యం పాడై, చాలాకాలం మంచానికీ గదికీ పరిమితమైపోయింది. అక్కడినుంచే ఉత్తరాలు, నివేదికలు రాస్తూ ఎంతో పని చేసింది, నిజమే. నేను చూసేది ఆ తర్వాతి కాలాన్ని. చివరి ఏళ్ళలో కళ్ళు పోయాయి, జ్ఞాపకం మసకబారింది. 1907లో బ్రిటన్‌లో ఆర్డర్ ఆఫ్ మెరిట్ అందుకున్న మొదటి మహిళ ఆమె. అప్పటికి ఆ గౌరవాన్ని పూర్తిగా గ్రహించే స్థితి దాటిపోయింది. 1910లో తొంభై ఏళ్ళ వయసులో వెళ్ళిపోయింది. ఇప్పుడు చెప్పండి, పదహారేళ్ళప్పుడు పిలిచిన దేవుడు ఆమెను దేనికి పిలిచాడు? స్కుటారి కోసమేనా? అయితే ముందున్న పదిహేడేళ్ళు ఎదురుచూపు, చివరి ఏళ్ళు మిగులు అవుతాయి. "నా సేవకు రా" అన్న పిలుపులో పని పేరు లేకపోవడానికి కారణం, అసలు మాట "నా" అన్నదే కావడం అని నాకనిపిస్తుంది. ఎవరికి అన్నది తేలిపోయింది. ఏమిటి అన్నది కాలంతోపాటు మారుతూ వచ్చింది.

ఆ "ఎవరికి" అన్నది మారితే మనిషి ఎంత మారతాడో ఇస్లాం మత పండితుడు అల్ గజాలీ కథ చెబుతుంది. పదకొండో శతాబ్దం చివర బాగ్దాద్‌లోని నిజామియా విద్యాలయంలో ఆయన పేరుమోసిన గురువు. 1095లో ఒక సంక్షోభంలో పడ్డాడు. తాను పాఠాలు చెబుతున్నది దేవుడి కోసమా, పేరు కోసమా అని తన్ను తాను నిలదీసుకుంటే, పేరు కోసమే అని తేలింది. వెళ్ళిపోవాలని ఒకరోజు, ఉండాలని మరో రోజు, నెలల తరబడి నలిగిపోయాడు. చివరికి నోరు పడిపోయింది. శిష్యుల ముందు కూర్చుంటే మాట రాలేదు. ముద్ద దిగలేదు. ఇది గుండెలో పుట్టిన జబ్బు, మందులతో పోయేది కాదన్నారు వైద్యులు. ఇదంతా ఆయన తానే రాసుకున్నాడు. మాట పోయిన గురువు అన్న చోటికి వచ్చేసరికి నాకు అమ్మే కళ్ళముందు మెదిలింది. కొంతసేపు ముందుకు చదవలేకపోయాను.

గజాలీ పదవి వదిలేశాడు. పదేళ్ళకు పైగా గురుపీఠానికి దూరంగా గడిపాడు. 1106లో మళ్ళీ పాఠాలు చెప్పడానికి ఒప్పుకున్నాడు, ఈసారి నిషాపూర్‌లో. చూసేవాళ్ళకు మొదటికే వచ్చినట్టు ఉంటుంది. అదే మనిషి, అదే పని. తాను మాత్రం వెనకటి చోటికి తిరిగి రాలేదని ఆయన అన్నాడు. అప్పుడు గౌరవం తెచ్చిపెట్టే చదువు చెప్పాడు, ఇప్పుడు గౌరవాన్ని వదులుకోమనే చదువు చెబుతున్నాడు. దేవుణ్ణి నమ్మితే నా జీవితంలో ఏం మారుతుంది అని అడిగేవాళ్ళకు నేను ఈ కథే చెబుతాను. ఉద్యోగం మారకపోవచ్చు. కబీరు నేతపనే చేశాడు. రవిదాసు తోలుపనే చేశాడు. అపొస్తలుడైన పౌలు డేరాలు కుట్టి పొట్టపోసుకున్నాడు.

దీనికి తెలుగులో చక్కటి మాట ఉంది. "గురి". బాణం వేసేవాడు చూసే లక్ష్యం గురి. ఒకరి మీద మనకు కుదిరిన నమ్మకమూ గురే. "ఆయన మీద నాకు గురి ఉంది" అంటాం. "దేవుడి మీద గురి కుదరాలి" అని పెద్దవాళ్ళు అంటారు. లక్ష్యానికీ విశ్వాసానికీ ఒకే మాట ఎందుకు వచ్చిందో నాకు అమ్మ వల్ల బోధపడింది. ఒకరి మీద నమ్మకం కుదిరాక, ఎటు తిరగాలన్నది వేరే వెతుక్కోనక్కర్లేదు. ఆ మనిషి ఉన్నవైపే తిరుగుతాం. ప్రయోజనం చేతులను అడుగుతుంది. గురికి ముఖం ఎటు తిరిగి ఉందన్నదే కావాలి, అది కదల్లేని మనిషికీ చేతనవుతుంది.

ఇదంతా మనసును జోకొట్టుకోవడానికి అల్లుకున్న ఊహ అనేవాళ్ళుంటారు. బాధలో ఉన్న మనిషి ఏదో ఒకదాన్ని పట్టుకుంటాడు, నువ్వు దేవుణ్ణి పట్టుకున్నావు అంటారు. ఒప్పుకుంటాను, దేవుడున్నాడని నేను ఈ వ్యాసంతో రుజువు చేయలేదు, చేయలేను కూడా. కానీ ఊరట కోసమే అల్లుకుంటే నేను ఇంతకంటే మెత్తటిది అల్లుకునేదాన్ని. నేను నమ్మిన దేవుడు అమ్మ కుడి చెయ్యి తిరిగి ఇవ్వలేదు. ఎందుకిలా జరిగిందో చెప్పనూ లేదు. బైబిల్లో యోబు గ్రంథం 42 అధ్యాయాలు. అన్నీ పోగొట్టుకున్న యోబు ఎందుకని అడుగుతూనే ఉంటాడు. చివర దేవుడు మాట్లాడతాడు గాని ఆ ఎందుకుకు మాత్రం జవాబు చెప్పడు. యోబుకు దొరికింది కారణం కాదు, దేవుడు. అది చాలిందా అంటే, చాలిన రోజులున్నాయి, చాలక నేను పోట్లాడిన రోజులూ ఉన్నాయి.

అనుభూతి లేకపోతే విశ్వాసం లేనట్టే అనుకునేవాళ్ళకు మదర్ థెరిసా ఉత్తరాలు గుర్తుచేస్తాను. ఆమె పోయిన పదేళ్ళకు, 2007లో, అవి బయటికి వచ్చాయి. 1946లో పిలుపు విన్న ఆమె, ఆ తర్వాత దశాబ్దాలపాటు లోపల దేవుడు లేనట్టే ఉండే చీకటిలో గడిపిందని వాటిలో ఉంది. చీకట్లోనూ ముఖం అటే తిప్పుకుని ఉంది.

ఇలా నమ్మితే మనుషులు చేతులు కట్టుకుని కూర్చుంటారనే అభ్యంతరం కూడా విన్నాను. చరిత్ర చూస్తే అలా లేదు. బ్రిటన్ పార్లమెంటు సభ్యుడు విలియం విల్బర్‌ఫోర్స్‌కు 1785 ప్రాంతంలో దేవుడి మీద గురి కుదిరినప్పుడు రాజకీయాలు వదిలేద్దామనుకున్నాడు. ఒకప్పుడు బానిసల ఓడకు కెప్టెన్‌గా పనిచేసి తర్వాత మతబోధకుడైన జాన్ న్యూటన్ ఉన్నచోటే ఉండమన్నాడు. ఉన్నాడు. ఆయన ఏళ్ళ తరబడి పోరాడాక పార్లమెంటు బానిస వ్యాపారాన్ని 1807లో నిషేధించింది. బానిసత్వ నిర్మూలన చట్టం గట్టెక్కుతుందనే కబురు 1833 జులైలో అందిన మూడు రోజులకు ఆయన కన్ను మూశాడు. తన విలువ గెలుపు మీద ఆధారపడిందనుకునే మనిషి, ఏటేటా ఓడిపోతూ అన్నేళ్ళు నిలబడగలిగేవాడు కాదని నా నమ్మకం.

అమ్మ దగ్గర నేను ఇంకో తప్పు కూడా చేశాను. "మంచం మీదున్నా ప్రార్థన చేయొచ్చు కదమ్మా, మా అందరి కోసం చెయ్యి" అన్నాను ఒకరోజు. అమ్మ ముఖం వెలిగింది. రోజూ ఒక్కొక్కరి పేరు తలుచుకునేది. మనవలు, చుట్టాలు, ఎప్పుడో చదువుకుని వెళ్ళిపోయిన శిష్యులు. కొన్ని నెలలకు పేర్లు జారిపోవడం మొదలైంది. చిన్న మనవడి పేరు ఎంతకీ గుర్తురాక ఒక సాయంత్రం వెక్కి వెక్కి ఏడ్చింది. ఇది కూడా నా వల్ల కావడం లేదని. అప్పుడు గాని నాకు తెలియలేదు, నేను అమ్మకు మళ్ళీ ఒక ఉద్యోగం ఇచ్చానని. ప్రార్థనను కూడా ప్రయోజనంగా మార్చేశానని.

ఆ సాయంత్రం పక్కన కూర్చుని, ఎడమ చెయ్యి పట్టుకుని చెప్పాను. "పేర్లు గుర్తులేకపోతే పోనీలేమ్మా. ఆయనకు తెలుసు. నీతో ఆయనకు ఏ పనీ లేదు. పనేమీ లేకపోయినా నువ్వు ఆయనకు కావాలి. అందుకే ఉన్నావు." అమ్మ చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "చూద్దాం" అంది.

ఆ తర్వాత ఏడాదికి పైగా ఉంది. ఆ కాలమంతా ప్రశాంతంగా గడిచిందని చెబితే అబద్ధం. కోపాలు వచ్చాయి, నా ఓపిక నశించిన రోజులూ వచ్చాయి. కానీ ఆ ప్రశ్న మాత్రం అమ్మ మళ్ళీ అడగలేదు.

ఒక రాత్రి రెండు గంటలకు అమ్మను పక్కకి తిప్పడానికి లేచాను. కళ్ళు తెరిచే ఉన్నాయి. నొప్పిగా ఉందా అంటే లేదన్నట్టు తల ఆడించింది. వీపు వెనక దిండు సర్దుతుంటే, "బాగుంది" అంది.

"దిండా అమ్మా?"

కాదన్నట్టు ఎడమ చెయ్యి కదిపింది. మాట కోసం వెతుక్కుంటోందని తెలిసి ఆగాను. ఆ చెయ్యి మెల్లగా తన గుండె మీద పెట్టుకుంది.

"ఉన్నాను" అంది. మళ్ళీ కొంతసేపటికి, "బాగుంది."

నేను అక్కడే నిలబడిపోతే, "పో, పడుకో తల్లీ" అంది. నాలుగు గంటలకు అలారం పెట్టుకుని వెళ్ళి పడుకున్నాను.